పాత సంచికలోని ఉత్తరాల పేజీని కాపాడండి

సంపాదకులకు,

పాత సూపర్ హీరో కామిక్ ఒకటి వేలంలో రికార్డు ధర పలికిందన్న వార్త అప్పుడప్పుడూ పత్రికల్లో వస్తూ ఉంటుంది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు అమ్ముడైనప్పుడూ అలాగే వచ్చింది. ఆనాడు దాని వెల 10 సెంట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టేసరికి వార్త పూర్తవుతుంది. అది చదివినవాళ్లు ఇంట్లో పాత పెట్టెలు దించుతారు. మా బాధంతా ఆ తర్వాత జరిగేదాని గురించే. చిరిగిన అట్టకు సెలోటేపు అంటిస్తారు. మాసిన చోట రబ్బరుతో రుద్దుతారు. ఇంకా ప్రేమ ఎక్కువైతే లామినేషన్ చేయిస్తారు. యాభై ఏళ్లు నిలిచిన కాగితం ఒక్క పూటలో పాడైపోతుంది.

కామిక్స్‌ను ఏళ్ల తరబడి చదివి, దాచి, బాగుచేసుకుంటూ వచ్చిన పాఠకులం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత సంచికలో కథకు వచ్చిన ప్రమాదమేమీ లేదు. పేరున్న హీరోల కథలు ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందాయి, గట్టి అట్టల సంపుటాలుగానూ వచ్చాయి. మళ్లీ దొరకనిది కథ చుట్టూ ఉన్న సరుకు: పాఠకుల ఉత్తరాల పేజీ, ప్రకటనలు, ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయో ఏడాదికోసారి అచ్చువేసే లెక్క. సంపుటాల్లో చాలావాటికి ఇవి ఎక్కవు. అభిమానుల చరిత్ర ఉన్నది అక్కడే.

ఉత్తరాల పేజీ కామిక్స్‌లోకి రావడానికి టపా నిబంధన కూడా ఒక కారణం. ఆ రోజుల్లో అమెరికాలో పత్రికలకు ఇచ్చే చవక టపా రేటు దక్కాలంటే బొమ్మలు మాత్రమే ఉంటే సరిపోయేది కాదు, కొంత వచనం కూడా ఉండాల్సి వచ్చేది. అందుకని తొలినాళ్ల సంచికల్లో రెండు పేజీల వచన కథ ఒకటి ఇరికించేవారు. దాన్ని చదివేవాళ్లు తక్కువ. 1941లో కెప్టెన్ అమెరికా మూడో సంచికలో అలాంటి వచన కథే ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు రాశాడు. తర్వాత మార్వెల్ కామిక్స్ సంస్థకు రచయితగా, ప్రధాన సంపాదకుడిగా పేరు పొందిన స్టాన్ లీ పేరు మొదటిసారి అచ్చయింది దానితోనే. కాలక్రమేణా ఆ వచనం స్థానంలోకి పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. టపా నిబంధన తీరింది, పాఠకుడికి గొంతు దొరికింది.

1960ల తొలి ఏళ్లలో, సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ ఉత్తరం రాసినవాళ్ల పేరుతో పాటు పూర్తి చిరునామా కూడా అచ్చువేయడం మొదలుపెట్టాడు. చూడ్డానికి చిన్న మార్పే. దాంతో ఒక ఊళ్లోని అభిమాని ఇంకో ఊళ్లోని అభిమానికి నేరుగా రాయగలిగాడు. డిట్రాయిట్‌లో అధ్యాపకుడైన జెర్రీ బెయిల్స్ 1961 మార్చిలో ‘ఆల్టర్-ఈగో’ అనే అభిమాన పత్రిక తెచ్చాడు. ఆయనతో ఉత్తరాలు నడిపిన మిస్సోరీ ఉపాధ్యాయుడు రాయ్ థామస్ 1965లో మార్వెల్‌లో చేరి, 1972లో స్టాన్ లీ తర్వాత ప్రధాన సంపాదకుడయ్యాడు. ఉత్తరాలు రాసే పాఠకుడే సంపాదకుడి కుర్చీలో కూర్చున్నాడు. నవలా రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ బాల్యంలో రాసిన ఉత్తరం 1963 నాటి ఫెంటాస్టిక్ ఫోర్ 20వ సంచికలో ఉంది.

ఆ పేజీల్లో పాత్రల రూపురేఖలే మారాయి. హల్క్‌గా మారే శాస్త్రవేత్త పేరు బ్రూస్ బ్యానర్. 1964లో ఫెంటాస్టిక్ ఫోర్ 25వ సంచికలో స్టాన్ లీ పొరపాటున ‘బాబ్ బ్యానర్’ అని రాశాడు. పాఠకులు పట్టుకున్నారు. 28వ సంచిక ఉత్తరాల పేజీలో ఆయన ఇచ్చిన జవాబు ఏమిటంటే, అసలు పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అని. ఇవాళ ఆ పాత్ర పూర్తి పేరు అదే. అంటే ఆ పేరు పుట్టింది కథలో కాదు, ఉత్తరాల పేజీలో. తప్పు పట్టుకుని దానికి సమర్థన కూడా తామే చెప్పిన పాఠకులకు మార్వెల్ ఖాళీ కవరు పంపేది. లోపల బహుమతి ఏమీ ఉండదు, ‘నో-ప్రైజ్’ అందుకున్నారని కవరు మీద అచ్చువేసి ఉండేది. ఆ ఖాళీ కవరును అపురూపంగా దాచుకున్నవాళ్లున్నారు.

ఇక నష్టం సంగతి. 1974లో మార్వెల్ తన సంచికల్లో ‘వ్యాల్యూ స్టాంపులు’ వేసింది. కత్తిరించి ఒక చిన్న పుస్తకంలో అంటించుకోమంది. ఎక్కువగా అవి పడింది ఉత్తరాల పేజీ మీదే. పిల్లలు బుద్ధిగా కత్తెర పట్టారు. వుల్వరిన్ అనే హీరో పూర్తిస్థాయిలో తొలిసారి కనిపించిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181వ సంచిక (1974 నవంబరు) ప్రతుల్లో ఎన్నింటికో ఆ స్టాంపు చదరం లేదు. అది లేని ప్రతికీ ఉన్న ప్రతికీ ధరలో చాలా తేడా. ధర కన్నా మాకు ఎక్కువ బాధ కలిగించేది, ఆ చదరంతో పాటు వెనకవైపు ముద్రించినదీ పోవడం. కాబట్టి ఆ రెండు మూడేళ్ల మార్వెల్ సంచిక ఏది చేతికొచ్చినా ముందు అట్ట చూడకండి, ఉత్తరాల పేజీ తీయండి.

తర్వాత కాగితాలు లెక్కపెట్టండి. అట్ట కాకుండా 32 పేజీలున్న సంచిక అంటే మధ్యకు మడిచిన 8 కాగితాలు. 64 పేజీల పాతకాలపు సంచికకు 16. నడిమి కాగితం పిన్నుల నుంచి ఊడి పోవడం చాలా మామూలు. అది పోతే కథలో వరసగా నాలుగు పేజీలు గల్లంతవుతాయి, అయినా అట్ట మూసి చూస్తే ఏమీ తెలియదు.

కాగితం ఎందుకు చెడుతుందో తెలిస్తే ఎలా కాపాడాలో సగం తెలిసినట్టే. ఆనాటి కామిక్స్ అచ్చయింది న్యూస్‌ప్రింట్ మీద. కొయ్యను నూరి చేసిన ఈ కాగితంలో కొయ్యలోని లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. వెలుతురూ గాలీ తగిలితే లిగ్నిన్ రంగు మారి కాగితం పచ్చబడుతుంది, దాంతోపాటు ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం కాగితపు పీచును తెంపుతూ పోతుంది. అందుకే అంచులు ముందు గోధుమరంగుకు తిరిగి, తర్వాత మడిస్తే విరిగేంత పెళుసవుతాయి. వేడి, చెమ్మ ఈ పనిని వేగిరం చేస్తాయి. దీన్ని పూర్తిగా ఆపలేం, నెమ్మదింపజేయగలం. చల్లగా, చీకటిగా, పొడిగా ఉండే చోటు కావాలి. గాలిలో తేమ 50 శాతం లోపు ఉంటే మేలు. 65 దాటి నిలబడితే బూజు మొదలవుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి పెట్టె దగ్గర పెట్టుకోండి, అంచనాలతో పని జరగదు. అటక మీద వేడి, నేలమాళిగలో చెమ్మ, బయటి గోడకు ఆనించిన అలమరాలో రెండూ. ఇంటి నడుమ ఉండే గదిలో, నేలకు కొంచెం ఎత్తున పెట్టడం అన్నిటికన్నా మంచిది.

ఒక్కో సంచికకు ఒక్కో పారదర్శకపు సంచి, వెనక ఒక అట్టముక్క వాడాలి. ఇక్కడ ప్లాస్టిక్ రకం ముఖ్యం. పాలిథిన్, పాలీప్రొపిలీన్ పనికొస్తాయి, కానీ కొన్నేళ్లకు ముడతలుపడి మసకబారతాయి, అప్పుడు మార్చాలి. మైలార్ పేరుతో దొరికే పాలిస్టర్ సంచి ఖరీదెక్కువైనా రసాయనికంగా నిలకడైనది. మామూలు సంచికకు 2 మిల్ మందం, అపురూపమైనదానికి 4 మిల్ చాలు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పీవీసీ మాత్రం వద్దేవద్దు. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం మెల్లగా బయటికి ఊరి అట్ట మీది సిరాను అంటుకుంటుంది. కొత్త వినైల్ వాసన వచ్చే ఏ కవరైనా పక్కన పెట్టేయండి.

అట్టముక్క ఆమ్లరహితమైనదై ఉండాలి, లోపల కాల్షియం కార్బొనేట్ కలిపినదైతే ఇంకా మంచిది. అది కాగితం నుంచి వచ్చే ఆమ్లాన్ని కొంత పీల్చుకుంటుంది. మామూలుగా 24 పాయింట్ల మందం వాడతారు (ఇక్కడ పాయింట్ అన్నా అంగుళంలో వెయ్యో వంతే). డబ్బాలు కోసి తీసిన గోధుమరంగు అట్ట పెడితే ఆ అట్ట ఆమ్లమే కామిక్‌కు ఎక్కుతుంది, వెనక అట్ట మీద గోధుమ నీడ పడుతుంది. కొలత కూడా చూసుకోవాలి. ఇప్పటి సంచిక 6⅝ అంగుళాల వెడల్పు, 10¼ అంగుళాల పొడవు. దానికి 6⅞ అంగుళాల సంచి సరిపోతుంది. 1960ల సంచిక ఇంకాస్త వెడల్పు, దానికి 7⅛ అంగుళాలది కావాలి. 1940ల నాటివాటికి సుమారు 7¾. చిన్న సంచిలో బలవంతంగా తోస్తే మూలలు మడతపడతాయి, మరీ పెద్దదానిలో సంచిక అటూ ఇటూ జారుతూ మూలలు అరుగుతాయి.

ఎక్కువ అట్టలు చిరిగేది సంచి నోరు మూసే టేపు వల్ల. సంచిక బయటికి లాగేటప్పుడు తెరిచి ఉన్న టేపు వెనక అట్టకు తగిలి, సిరాతో సహా పొరను లేపుకుపోతుంది. అందుకని టేపును అట్టముక్క వైపు అంటించండి, ఊడదీయడానికి వీలుగా దాని కొసను కొంచెం మడిచి ఉంచండి. సంచిక తీసే ముందు టేపు పూర్తిగా ఊడబెరకండి. ఒక్క నిమిషం పని ఇది.

చదవకూడదని మేం అనడం లేదు. చదవడానికే అచ్చువేశారు. చేతులు కడిగి, తడి పూర్తిగా ఆరనివ్వండి. నూలు తొడుగులు వద్దు, వాటితో కాగితం అంచు తెలియక చింపేస్తారు. సంచికను బల్ల మీద పెట్టి, రెండువైపులా కాస్త ఆనిక ఇచ్చి, పూర్తిగా వెల్లకిలా పరచకుండా సుమారు 90 డిగ్రీలు తెరిచి చదవండి. చదివిన పేజీని వెనక్కి మడిచి ఒక చేత్తో పట్టుకుంటే వెన్ను ఒకవైపు ఒరిగిపోతుంది, తర్వాత ఎంత బరువు పెట్టినా తిన్నగా రాదు. పిన్ను దగ్గర వెన్ను మీద పడే సన్నని తెల్ల గీతలు కూడా ఇలా వచ్చేవే. సిరా విరిగి కింది తెల్లకాగితం బయటపడితే అది మళ్లీ మానదు. సిరా విరగకుండా పడిన నొక్కు అయితే అనుభవమున్నవాళ్లు మితమైన వేడితో, తేమతో, సమానమైన ఒత్తిడితో తీయగలరు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో ప్రయత్నిస్తే అట్ట మీది మెరుపు అంటుకుపోతుంది, పిన్నుల గుర్తులు పక్క పేజీల్లో దిగుతాయి.

సెలోటేపు గురించి మళ్లీ చెప్పాలి. అంటించిన రోజు బాగానే ఉంటుంది. కొన్నేళ్లకు జిగురు కాగితంలోకి దిగి, ఆ చోటు నూనె మరకలా పారదర్శకంగా, పసుపుగా మారుతుంది. పైనున్న ప్లాస్టిక్ పట్టీ ఎండి రాలిపోయినా మరక ఉండిపోతుంది. ఇప్పటికే అంటించి ఉంటే లాగకండి, కాగితపు పైపొర లేచొస్తుంది. చిరిగిన సంచికను చిరిగినట్టే సంచిలో, గట్టి అట్టముక్కతో ఉంచడం వల్ల నష్టమేమీ లేదు. చదువుకోవడానికి ఉంచుకున్న ప్రతి అయి, తప్పనిసరైతే, గోధుమ పిండిలోంచి తీసిన గంజి, పలుచని జపాన్ కాగితం వాడతారు. అది తడితో మళ్లీ ఊడివస్తుంది. అలా బాగుచేసిన ప్రతిని అమ్మేటప్పుడు ఆ మాట తప్పక చెప్పాలి. పోయిన రంగును స్కెచ్ పెన్నుతో దిద్దడం, అంచులు సమంగా కోయడం, తుప్పు పిన్నులు తీసి కొత్తవి వేయడం, ఇవన్నీ మార్పుల కిందే లెక్క. లామినేషన్ అయితే దాన్ని వెనక్కి తిప్పే దారే లేదు.

సంచికలను పెట్టెలో నిలువుగా ఉంచాలి. దొంతరగా పేరిస్తే అడుగువాటి వెన్ను నలుగుతుంది. పెట్టె నిండీ నిండకుండా ఉంటే అవి ఒరిగి విల్లులా వంగుతాయి. ఖాళీ చోటును అట్టముక్కలతో నింపండి. మరీ బిగించినా తప్పే, ఒక సంచికను లాగబోతే దాని పక్కది గీసుకుంటుంది. వేళ్లు సులువుగా దూరేంత సందు ఉండాలి.

పురుగు పట్టిన పెట్టెకు మందు కొట్టకండి, నాఫ్తలీన్ ఉండలు వేయకండి. సంచికలను గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక రోజు పాటు, సంచి విప్పకూడదు. ముందే విప్పితే గాలిలోని తేమ చల్లటి కాగితం మీద నీరై కూర్చుంటుంది. నీళ్లలో తడిసిన సంచికలకూ ఫ్రీజరే దిక్కు. తడి కాగితానికి రెండు రోజుల్లో బూజు రావచ్చు, నున్నటి అట్టలు ఒకదానికొకటి అతుక్కుని రాయిలా అవుతాయి. ముందు గడ్డకట్టిస్తే తీరిగ్గా, కొన్ని కొన్నిగా ఆరబెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. ఎండలో మాత్రం వద్దు. ఎండకు అట్ట మీది ఎరుపు, పసుపు ముందు పోయి నీలం మిగులుతుంది.

రంగుల మాట వచ్చింది కాబట్టి పునర్ముద్రణ గురించి ఇంకొకటి. ఆనాటి రంగులద్దేవాళ్ల దగ్గర నీలం, గులాబీ, పసుపు మూడే ఉండేవి. ఒక్కోదాన్నీ పావు, సగం, పూర్తి పాళ్లలో వాడవచ్చు, లేదా వదిలేయవచ్చు. అలా 64 రంగులు. కొద్దిగా మాసినట్టుండే న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుందని తెలిసే వాళ్లు ఆ రంగులు ఎంచారు. అవే పాళ్లు తెల్లటి నున్నని కాగితం మీద వేస్తే కళ్లకు గుచ్చుకుంటాయి. పైగా పునర్ముద్రణలో రంగులు మార్చేస్తారు కూడా. 1962 నాటి మొదటి సంచికలో హల్క్ బూడిదరంగులో ఉన్నాడు. ఆ రంగు అచ్చులో నిలకడగా రాలేదని రెండో సంచికకు ఆకుపచ్చ చేశారు. తర్వాత చాలా ఏళ్లు మొదటి కథను మళ్లీ వేసినప్పుడల్లా అతన్ని ఆకుపచ్చగానే దిద్దారు. మొదటి పాఠకులు చూసిన హల్క్ మొదటి అచ్చులోనే ఉన్నాడు.

మీ ఇంట్లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక దొరికిందని సంబరపడే ముందు స్కేలు తీసుకోండి. 1974లో డీసీ దాన్ని పెద్ద సైజులో, పైన ఇంకో అట్ట వేసి తిరిగి అచ్చువేసింది. ఆ పై అట్ట తీసేస్తే లోపలిది అచ్చం 1938 సంచికలా ఉంటుంది, ప్రకటనలతో సహా. అలా తీసేసి అసలుదని అమ్మినవాళ్లున్నారు. కొలిస్తే చాలు. పునర్ముద్రణ దాదాపు 10 అంగుళాల వెడల్పు, 13½ పొడవు ఉంటుంది, అసలు సంచిక అంత పెద్దది కాదు. ఇటీవలి నకలు ముద్రణలకు అట్ట మీద కొత్త ధర, బార్‌కోడు ఉంటాయి. మొదటి పేజీ అడుగునో, లోపలి అట్ట మీదనో చిన్న అక్షరాల్లో ప్రచురణ వివరాలు ఉంటాయి. ఏ సంచికనైనా ముందు చదవాల్సింది అదే. అట్ట మీద అచ్చయిన నెల, అంగడికొచ్చిన నెల ఒకటి కావని కూడా గుర్తుంచుకోండి. 1938 జూన్ అని ఉన్న ఆ మొదటి సంచిక ఏప్రిల్‌లోనే అమ్మకానికి వచ్చింది.

పాతదైతే చాలు ధర వస్తుందనుకోవడమూ పొరపాటే. 1940ల సంచికలు అరుదు కావడానికి కారణాల్లో ఒకటి రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పాత కాగితం సేకరణ. లెక్కలేనన్ని కామిక్స్ అందులో కరిగిపోయాయి. 1991లో వచ్చిన ఎక్స్-మెన్ మొదటి సంచిక ఇందుకు ఎదురు. అది 80 లక్షలకు పైగా ప్రతులు వెళ్లింది, కొన్నవాళ్లలో ఎందరో దాన్ని తొలిరోజు నుంచే సంచిలో పెట్టి దాచారు. అందుకే ఇవాళ అది కొత్తదిలా, చవకగా దొరుకుతుంది. ఒక కామిక్ పత్రిక ఎన్ని ప్రతులు అచ్చయ్యేదో తెలియడానికి నమ్మదగ్గ ఆధారం, టపా నిబంధన ప్రకారం ప్రచురణకర్తలు ఏడాదికోసారి వేసిన లెక్క. ఎన్ని అచ్చువేశారు, ఎన్ని అమ్ముడుపోయాయి, ఎన్ని తిరిగొచ్చాయి, అన్నీ ఆ చిన్న పట్టికలో ఉంటాయి. అది కూడా తరచుగా ఉత్తరాల పేజీలోనే ఉంటుంది.

అందుకే సంచిక ఎంత బాగుందో 10 పాయింట్ల కొలమానం మీద గ్రేడు వేయించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూయించే పద్ధతి మీద మాకు అభ్యంతరం ఉంది. అమ్మేవాడికీ కొనేవాడికీ నమ్మకం కుదరడానికి అది పనికొస్తుంది, మార్పులు చేసిన ప్రతిని బయటపెడుతుంది, కాదనం. అయితే అట్ట తప్ప ఇంకేదీ కనిపించదు. మూయించే ముందైనా లోపలి పేజీలన్నీ ఫొటో తీసి ఉంచుకోవాలని సేకర్తలను కోరుతున్నాం.

ఫొటో తీసే విధానం సులువే. స్కానరు గాజు మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. సంచికను సగం తెరిచి ఒకవైపు ఆనిక పెట్టి, కెమెరాను పేజీకి సమాంతరంగా పైన బిగించి, ఫ్లాష్ లేకుండా రెండు పక్కల నుంచీ సమానమైన వెలుతురు పడేలా తీయండి. ఉత్తరాల అక్షరాలు చాలా చిన్నవి కాబట్టి అంగుళానికి 300 చుక్కలకు తగ్గకుండా చూసుకోండి. కాగితం పసుపును తెల్లగా దిద్దకండి, రంగు చుక్కలను నునుపు చేయకండి. ఫైలు పేరులో సంచిక పేరు, సంఖ్య, అట్ట మీది నెల, పేజీ సంఖ్య ఉండాలి. ప్రకటనలను, వెనక అట్టను వదిలేయకండి.

సంపాదకులకు మా విన్నపం చిన్నది. ఈసారి వేలం వార్త వేసినప్పుడు ధర కింద నాలుగు పంక్తులు చేర్చండి: టేపు వద్దు, లామినేషన్ వద్దు, కాగితాలు లెక్కపెట్టండి, ఉత్తరాల పేజీ ఉందో లేదో చూడండి. అలాగే పాత ఉత్తరాల పేజీలను నలుగురితో పంచుకునేవాళ్లకు ఒక మాట. వాటిలో ఆనాటి పిల్లల పూర్తి పేర్లు, ఇంటి నంబర్లు ఉంటాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు పెద్దవాళ్లై, కొందరు అదే ఇంట్లో ఉండవచ్చు. ఉత్తరం ఉంచి, పంచుకునే ప్రతిలో చిరునామా మాత్రం చెరపండి. మీ దగ్గరున్న మూలప్రతిలో చెరపకండి.

ఇట్లు,
కొందరు కామిక్స్ పాఠకులు